అమెరికా చెస్ట్‌నట్ అడవి: తెగులూ, పరిసరాలూ, చరిత్రా

నాలుగు రోజులు మబ్బు వదలకుండా పట్టి, రాత్రి కురిసిన మంచు పొద్దెక్కేదాకా ఆకుమీద ఆరకుండా వుంటే, వరికి అగ్గి తెగులు తప్పదని మన రైతు అంటాడు. వ్యవసాయశాస్త్రం చదివినవాడు ఆ మాట విని, తెగులు మబ్బువల్ల రాదు, శిలీంధ్రంవల్ల వస్తుందని సరిదిద్దుతాడు. నిజానికి ఇద్దరూ చెప్పినది నిజమే. శిలీంధ్రం లేనిదే ఎంత మబ్బు పట్టినా అగ్గి తెగులు రాదు. ఆకు తడిగా వుండనిదే శిలీంధ్రం వుండీ ఏమీ చేయలేదు. అయితే ఈ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటి వున్నది. ఆ మబ్బు కింద వేల ఎకరాలలో ఒకే రకం వరి ఎందుకు వున్నది? ఆ వరికి అంత నత్రజని ఎరువు ఎవరు వేయమన్నారు, ఎవరి లాభం కోసం వేయమన్నారు? ఈ ప్రశ్న అడిగిన క్షణంలో వృక్షరోగశాస్త్రం చరిత్రలోకి అడుగు పెడుతుంది.

పొలం విషయంలో ఈ ప్రశ్న అడగటం సులభమే. అడవి సంగతి వేరు. అడవిలో చెట్టు దానంతట అది మొలిచింది. దానికి విత్తనాల కంపెనీ లేదు, అప్పిచ్చే షావుకారు లేడు. అక్కడ పుట్టిన తెగులు కేవలం ప్రకృతి ధర్మమనీ, మనుషుల మధ్య వున్న సంబంధాలకు దానితో నిమిత్తం లేదనీ మనం మామూలుగా అనుకొంటాం. ఆ అనుకోవటం ఎంతవరకు సబబు అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం. అందుకు ఎంచుకొన్నది ఉత్తర అమెరికా తూర్పు కొండలలోని చెస్ట్‌నట్ చెట్టు కథ. తెలుగు పాఠాలు చెప్పుకొనే మనిషికి బూజుతో పనేమిటని మా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడొకరు నవ్వారు. చరిత్ర రాజులకూ కావ్యాలకూ మాత్రమే వుంటుందని మనమే ఇంతకాలం ప్రచారం చేశాం గనుక ఆ నవ్వును తప్పు పట్టలేను. తర్వాత ఆయనే నాకు పుస్తకాలు తెచ్చి యిచ్చారు.

మొక్కల తెగులుకు కారణం ఏమిటన్న వివాదం పందొమ్మిదో శతాబ్దపు యూరపులో చాలా తీవ్రంగా నడిచింది. 1845లో బంగాళాదుంప తెగులు ఐర్లండు మీద పడినప్పుడు, కుళ్ళిన ఆకు మీద కనిపించే బూజు రోగానికి ఫలితమే గాని కారణం కాదని పేరున్న పండితులే వాదించారు. చలి, తడి, గాలిలోని దోషం - ఇవే అసలు కారణాలన్నారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ 1861లో ఆ బూజే రోగకారకమని ప్రయోగం చేసి నిరూపించాడు. 1865లో గోధుమ కుంకుమ తెగులు బార్బెర్రీ అనే ముళ్ళపొద మీద కొంత, గోధుమ మీద కొంత జీవితం గడుపుతుందని కూడా ఆయనే చూపించాడు. ఇది భౌతికవాద విజ్ఞానానికి లభించిన గొప్ప విజయం. దైవాగ్రహాన్నీ, గాలిదోషాన్నీ ఒక్క దెబ్బతో తొలగించివేసిన విజయం. కాని ఆ విజయంతోపాటు ఒక ఏకపక్ష ధోరణి కూడా బలపడింది. శత్రువు ఎవరో తెలిసింది, ఇక యుద్ధరంగం గురించి ఆలోచించనక్కరలేదని చాలామంది అనుకొన్నారు. తర్వాతి తరం శాస్త్రజ్ఞులు ఆ లోపాన్ని గ్రహించి పాఠ్యగ్రంథాలలో ఒక త్రిభుజం గీశారు: ఒక మూల మొక్క, ఒక మూల పరాన్నజీవి, ఒక మూల పరిసరాలు. మంచి త్రిభుజమే. కాని ఆ మూడో మూలలో వారు వుష్ణోగ్రతనూ, తేమనూ, నేల గుణాన్నీ మాత్రమే రాసి వూరుకొన్నారు. పరిసరాలకు కూడా ఒక గతం వుంటుందని, ఆ గతంలో గొడ్డలి, రైలు, బజారు వుంటాయని ఆ త్రిభుజం చెప్పదు.

చెస్ట్‌నట్ మన దేశపు పాఠకులకు అంతగా తెలియని చెట్టు. కాయ చుట్టూ సన్నని ముళ్ళ తొడుగు వుంటుంది. లోపలి గింజను కాల్చుకొనో వుడకబెట్టుకొనో తింటారు. పిండిపిండిగా, కొంచెం తియ్యగా, వుడికించిన పనసగింజను గుర్తుకు తెస్తుందని తిన్నవారు చెబుతారు. అమెరికా చెస్ట్‌నట్ నూరు అడుగుల ఎత్తు పెరిగే మహావృక్షం. ఉత్తరాన మెయిన్ రాష్ట్రం నుంచి దక్షిణాన అలబామా, మిసిసిపీల దాకా, అపలేషియన్ కొండల వెంట వ్యాపించి వుండేది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో 300 నుంచి 400 కోట్ల చెట్లు వుండేవని అంచనా. కొన్ని కొండలలో ప్రతి నాలుగు చెట్లలో ఒకటి అదే. ఓక్ చెట్టు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మొండికేస్తుంది. చెస్ట్‌నట్ వేసవి నడుమ పూస్తుంది గనుక వసంతకాలపు మంచు దెబ్బ తగలక ఏటేటా కాసేది. ఎలుగుబంట్లు, జింకలు, అడవి టర్కీకోళ్ళు ఆ కాపు మీద చలికాలం గట్టెక్కేవి. కొండరైతులు తమ పందులను అడవిలోకి తోలి ఆ గింజల మీద బలిపించేవారు. ఆడవాళ్ళూ పిల్లలూ గింజలు ఏరి కొట్టుకు తీసుకుపోయి చెప్పులో, ఉప్పో, బడిపుస్తకాలో తెచ్చుకొనేవారు. అక్కడినుంచి ఆ గింజలు రైలెక్కి న్యూయార్క్ వీధులలో వేయించి అమ్మే బండ్ల మీదికి చేరేవి. మన మన్యం మనిషికి ఇప్పచెట్టు ఎలాంటిదో ఆ కొండల మనిషికి చెస్ట్‌నట్ అలాంటిది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, కాని బతుకంతా దాని కింద గడిచింది.

కలప కూడా అంతే. నేలలో పాతినా తొందరగా చివకదు గనుక కంచె కమ్ములు, రైలుపట్టాల కింది దుంగలు, టెలిగ్రాఫు స్తంభాలు దానితోనే చేశారు. బెరడులోను కలపలోను పుష్కలంగా వున్న వగరు సారాన్ని తోళ్ళు పదును చేసే కర్మాగారాలు తీసుకొనేవి. మన తంగేడు చెక్కను మన తోళ్ళ పరిశ్రమ వాడుకొన్నట్లే.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఈ ‘అడవి’ పూర్తిగా అడవి కాదు. తెల్లవాళ్ళు రాకముందు చెరోకీ మొదలైన ఆదివాసి జాతులు అడుగునున్న తుప్పలను నియమంగా తగలబెట్టి గింజచెట్లకు చోటు చేస్తూ వచ్చారు. ఆ చెరోకీలను 1838-39లో సైన్యం చేత తమ నేల నుంచి వెళ్ళగొట్టించారు. ఉత్తరాన పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, కనెటికట్ ప్రాంతాలలో ఇనుము కరిగించే కొలుములు బొగ్గు కోసం కొండలకు కొండలు నరికించాయి. నరికిన తర్వాత ఏ చెట్టు మళ్ళీ వేగంగా లేస్తుందో అదే అడవిని ఆక్రమిస్తుంది. చెస్ట్‌నట్ మోడు నుంచి పిలకలు వేయటంలో దానికి సాటి లేదు. ఇరవై ముప్పై ఏళ్ళకొకసారి నరికితే, నరికినప్పుడల్లా మిగతా జాతులు తగ్గి చెస్ట్‌నట్ పెరిగింది. ఆ విధంగా ఇనుప కొలుముల ఆర్థిక వ్యవస్థ తన అవసరానికి తెలియకుండానే ఒక్క జాతి చెట్లు కిక్కిరిసిన అడవిని తయారుచేసింది. వేరే పేరు పెట్టలేదు గాని అదీ ఒక తోటే. శిలీంధ్రం వచ్చేసరికి దానికి విందు సిద్ధంగా వున్నది.

అసలు తెగులు రాకముందే మరో తెగులు ఈ చెట్టును కొంత ప్రాంతం నుంచి తరిమిందన్న సంగతి చాలామందికి తెలియదు. పందొమ్మిదో శతాబ్దం తొలి భాగం నుంచే దక్షిణ రాష్ట్రాల పల్లపు నేలలలో చెస్ట్‌నట్‌లు వేళ్ళు నల్లబడి చావసాగాయి. దానికి సిరా తెగులని పేరు. కారణమైన జీవి ఫైటాఫ్తరా. పాతవారు దానిని శిలీంధ్రమే అనుకొన్నారు. ఇప్పుడు వేరే వంశంగా లెక్కిస్తున్నారు. అది నీటిలో ఈదే జీవి. నీరు నిలిచే బంకనేలలో విజృంభిస్తుంది. నీరు జారిపోయే కొండవాలులో దాని ఆట సాగదు. నేల గడ్డకట్టే చలికి బతకలేదు. అందుచేత పల్లంలో చెట్టు చచ్చింది, కొండ మీద మిగిలింది. ‘చెస్ట్‌నట్ కొండచెట్టు’ అని తర్వాతివారు రాసిన మాటకు అర్థం ఇదే. చెట్టు కొండను ఎంచుకోలేదు, పల్లం నుంచి తరమబడింది. ఒక్క చెట్టు జీవితంలో నేల వాలు ఇంత నిర్ణాయకంగా పని చేయటం పరిసరాల పాత్రకు మొదటి నిదర్శనం.

1904లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాల చెట్ల సంరక్షకుడు హెర్మన్ మెర్కెల్, తన చెస్ట్‌నట్ చెట్ల కొమ్మలు ఎండిపోతూ వుండటం, బెరడు మీద నారింజరంగు పొక్కులు లేవటం గమనించాడు. పొరుగునే వున్న వృక్షోద్యానానికి చెందిన విలియం మరిల్ దానిని పరిశీలించి 1906లో ఆ శిలీంధ్రాన్ని వర్ణించి పేరు పెట్టాడు. పేరు తర్వాత రెండుసార్లు మారింది. ఇప్పటి పేరు క్రైఫోనెక్ట్రియా పారసిటికా. అది ఆకును ముట్టదు, వేరును ముట్టదు. బెరడులో గాయం వుంటే లోపలికి దూరుతుంది. బెరడుకూ కలపకూ నడుమ చెట్టును పెంచే సజీవమైన పొరలో విసనకర్రల ఆకారంలో వ్యాపిస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లాన్ని విడిచి ముందున్న కణాలను చంపి, చచ్చిన వాటి మీద ముందుకు సాగుతుంది. పుండు కాండం చుట్టూ తిరిగిన రోజున పైభాగం చచ్చిపోతుంది.

దీని వ్యాప్తిలో వాతావరణం పోషించిన పాత్ర అద్భుతమైనది. శిలీంధ్రానికి రెండు రకాల సిద్ధబీజాలున్నాయి. ఒక రకం జిగురుగా, సన్నని పసుపు తీగలలాగా తడి రోజులలో బయటికి వస్తుంది. వాన కడిగి కాండం వెంట కిందికి దింపుతుంది, పక్షుల కాళ్ళకూ పురుగుల వొంటికీ అంటుకొంటుంది. ఒక్క వడ్రంగిపిట్ట వొంటి మీద ఏడు లక్షలకు పైగా సిద్ధబీజాలను లెక్కపెట్టారు. రెండో రకం వాన కురిసి వెలిసిన తర్వాత, వెచ్చదనం వున్నప్పుడు, చిన్న తుపాకీ పేల్చినట్లు గాలిలోకి చిమ్మబడుతుంది. గాలి దానిని దూరం మోస్తుంది. ఒక చెట్టు మీద కింది కొమ్మకు పాకటానికి వాన, ఒక కొండ నుంచి మరో కొండకు పోవటానికి గాలి. ఏడాదికి 20 నుంచి 50 మైళ్ళ వేగంతో తెగులు సాగింది. 1950 నాటికి ఆ చెట్టు పెరిగే ప్రాంతమంతా దాని వశమయింది. కాని నదులూ, పొలాలూ, పట్టణాలూ దాటి తెగులు చేసిన గంతులను గాలివాన లెక్కలోనే వేయలేము. బెరడుతో వున్న దుంగలు, స్తంభాలు, అంటుమొక్కలు రైలు మీద ప్రయాణం చేశాయి.

శిలీంధ్రం ఎక్కడిది? ఈ ప్రశ్న మీద జరిగిన చర్చ మన విషయానికి ప్రాణం వంటిది. కనెటికట్ వ్యవసాయ పరిశోధనాకేంద్రపు వృక్షశాస్త్రజ్ఞుడు జి. పి. క్లింటన్ ఇది స్వదేశీ శిలీంధ్రమే అన్నాడు. ఎప్పుడూ బలహీనంగా బతుకుతున్న ఈ జీవి, తీవ్రమైన చలికాలాల వల్లా అనావృష్టి వల్లా చెట్లు నీరసించటంతో విజృంభించిందని, చెట్లు కోలుకొంటే తెగులు తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. పరిసరాలే సర్వమన్న ఈ వాదన చూడటానికి చాలా సమంజసంగా వున్నది. అది తప్పని తేల్చినది 1913. అమెరికా వ్యవసాయశాఖ పంపిన మొక్కల అన్వేషకుడు ఫ్రాంక్ మేయర్ ఆ సంవత్సరం చైనాలో అదే శిలీంధ్రాన్ని అక్కడి చెస్ట్‌నట్‌ల మీద కనుగొన్నాడు. 1915లో జపానులో కూడా కనుగొన్నాడు. అక్కడి చెట్ల మీద పుండ్లున్నాయి, కాని చెట్లు చావటం లేదు. తరతరాలుగా ఆ రోగంతో బతికిన జాతులవి.

దారి కూడా తేలింది. 1876లో న్యూయార్క్ దగ్గర ఫ్లషింగ్‌లో పార్సన్స్ అనే మొక్కల వర్తకుడు జపాను చెస్ట్‌నట్ మొక్కలను దిగుమతి చేసుకొన్నాడు. చెట్టు పొట్టి, గింజ పెద్దది, తొందరగా కాపుకు వస్తుంది. అడవి చెస్ట్‌నట్ ఎవరికీ లాభం చూపించదు, ఎవరైనా ఏరుకొంటారు. పొట్టి చెస్ట్‌నట్ తోటగా నాటి అమ్ముకోవచ్చు. వర్తకులు జాబితాలు అచ్చువేసి తపాలా ద్వారా ఈ మొక్కలను దేశమంతటా అమ్మారు. ఆనాటికి దిగుమతి అయిన మొక్కలను పరీక్షించే చట్టం ఆ దేశంలో లేదు. ఒక చట్టం కావాలన్న ప్రయత్నాలను మొక్కల వర్తకులు ఏళ్ళ తరబడి అడ్డుకొన్నారు. మొక్కల నిర్బంధ చట్టం 1912లో వచ్చింది. అప్పటికి చెస్ట్‌నట్‌కు జరగవలసినది జరిగిపోయింది.

పెన్సిల్వేనియా రాష్ట్రం మాత్రం పోరాడింది. 1911లో ఒక కమిషన్ వేసి 2,75,000 డాలర్లు మంజూరు చేసింది. రాష్ట్రం మధ్యగా ఒక సరిహద్దు గీసి, దానికి పడమట రోగం వున్న చెట్టు కనిపిస్తే నరికి బెరడు తగలబెట్టాలన్నది పథకం. బాలభటులను కూడా అడవులలోకి పంపి రోగం వున్న చెట్లను వెతికించారు. 1912 ఫిబ్రవరిలో హారిస్‌బర్గ్‌లో జరిగిన మహాసభలో ఈ పని వృథా అని చెప్పిన శాస్త్రజ్ఞులను పిరికివారన్నట్టు చూశారు. 1913తో కమిషన్ కథ ముగిసింది. నాకు ఈ ఘట్టం చదివినప్పుడు నవ్వు రాలేదు. సరిహద్దు గీసినవారికి చిత్తశుద్ధి లేకపోలేదు. కాని వాన తరువాత గాలిలోకి చిమ్మే జీవిని పటం మీది గీతతో ఆపుదామనుకొన్నారు. అదే సమయంలో అదే రైళ్ళ మీద దుంగల రవాణా మాత్రం సాగనిచ్చారు.

ఆ తర్వాత జరిగినది ఇంకా విచారకరం. చెట్టు ఎలాగూ చస్తుంది గనుక చావకముందే నరికి అమ్ముకోవటం మేలని అధికారులు భూస్వాములకు సలహా చెప్పారు. కలప కంపెనీలు తెగులు రాని కొండలలోకి ముందుగానే చొరబడి చెస్ట్‌నట్‌లను నరికాయి. ఇన్ని కోట్ల చెట్లలో ఏ వెయ్యింటికో లక్షకో ఒకదానికి కొంత నిరోధకశక్తి వుండి వుండవచ్చు. అది వున్నదీ లేనిదీ తెలుసుకొనే అవకాశం గొడ్డలి పాలయింది. వంశానుగత వైవిధ్యం అడవి జాతికి వున్న ఏకైక ఆయుధం. అది పరీక్షకు నిలిచేలోపల దానిని బజారులో అమ్మివేశారు. శిలీంధ్రం చంపిన చెట్లనూ, శిలీంధ్రం పేరు చెప్పి మనుషులు చంపిన చెట్లనూ విడదీసి లెక్క చెప్పగలిగినవాడు ఈనాడు లేడు.

కొండ మనుషుల సంగతి ఆనాటి ప్రభుత్వ నివేదికలలో వెతికితే కలప విలువ ఇంత, తోళ్ళ సారం విలువ ఇంత అన్న అంకెలే ఎక్కువగా దొరుకుతాయి. ఏరుకొన్న గింజకూ, బలిసిన పందికీ బజారు చిట్టాలో చోటు లేదు గనుక నష్టంలో కూడా వాటికి చోటు దొరకలేదు. 1880ల నుంచి బొగ్గు కంపెనీలు, కలప కంపెనీలు కొండలను కొనివేస్తూ, అందరిదిగా వుండిన అడవికి కంచె కడుతూ వచ్చాయి. ఆ స్థితిలో కూడా చెస్ట్‌నట్ కాపు కొండ కుటుంబానికి కూలి చేయకుండా చేతికందే కాసిన్ని డబ్బులకు ఆధారంగా వుండేది. 1920ల చివరా 1930లలోనూ, సరిగ్గా ఆర్థిక మాంద్యపు రోజులలో, దక్షిణ అపలేషియన్ కొండలలో ఆ ఆధారం కూలింది. గనిలోకో మిల్లులోకో దిగిన మనిషిని చెట్టు చావే అక్కడికి నడిపించిందని నేను అనను. వెనుదిరిగి పోవటానికి వుండిన దారులలో ఒకటి మూసుకుపోయిందని మాత్రం అనవచ్చు.

ఇదే శిలీంధ్రం ఇటలీలో చేసినది వేరు. 1938లో జెనోవా దగ్గర యూరపు చెస్ట్‌నట్‌ల మీద అది కనబడింది. ఇటలీ కొండరైతులకు ఆ గింజల పిండే రొట్టె. అమెరికా కథే ఇక్కడా జరుగుతుందని అందరూ భయపడ్డారు. కాని 1950 ప్రాంతంలో బిరాగి అనే శాస్త్రజ్ఞుడు కొన్ని చెట్ల పుండ్లు వాటంతటవే మానటం గమనించాడు. ఫ్రాన్సులో గ్రాంట్ అనే ఆయన 1960లలో రహస్యం విప్పాడు. ఆ పుండ్లలోని శిలీంధ్రానికే జబ్బు చేసింది. దానికొక వైరస్ పట్టి నీరసింపజేసింది. ఒక శిలీంధ్రపు పోగు మరొక పోగుతో కలిసినప్పుడే ఆ వైరస్ సోకుతుంది. ఒకే రకం పోగులే సాధారణంగా కలుస్తాయి. యూరపుకు వచ్చిన శిలీంధ్రంలో రకాలు కొద్ది. అందుచేత వైరస్ అడవి అంతా పాకి చెట్లను కాపాడింది. 1972 నుంచి అమెరికాలో ఈ వైరస్‌ను తెచ్చి ప్రయోగించి చూశారు. కొండల అడవులలో చాలావరకు విఫలమయింది, ఎందుకంటే అక్కడి శిలీంధ్రంలో రకాలు చాలా ఎక్కువ. ఒక రకం నుంచి మరొక రకానికి వైరస్ దాటలేకపోయింది. ఒక్క తీరుగా వున్న చెస్ట్‌నట్ అడవి ఏ కారణాన శిలీంధ్రానికి లొంగిపోయిందో, అనేక తీరులుగా వున్న శిలీంధ్రం అదే కారణాన తన రోగం నుంచి తప్పించుకొన్నది.

ఈ సూత్రాన్ని మరింత స్పష్టంగా చూడాలంటే చావకుండా తెగులుతో కాపురం చేస్తున్న అడవి మొక్కల దగ్గరికి పోవాలి. ఫిన్లండుకు చెందిన ఓలండ్ ద్వీపాలలో మన ఇసబ్గోలుకు దాయాది అయిన ప్లాంటాగో అనే చిన్న మొక్క సుమారు 4,000 పచ్చికబయళ్ళలో పెరుగుతుంది. దానికి బూడిద తెగులు పడుతుంది. 2001 నుంచి ప్రతి శరత్కాలంలోనూ శాస్త్రజ్ఞులు, విద్యార్థులు ఆ బయళ్ళన్నీ తిరిగి తెగులు ఎక్కడ వున్నదో రాసుకొంటున్నారు. చలికాలంలో చాలాచోట్ల తెగులు చచ్చిపోతుంది, వేసవిలో మరోచోట లేస్తుంది. ఒకదానికొకటి దగ్గరగా వున్న బయళ్ళలోనే తెగులు ఎక్కువగా వుంటుందని ఎవరైనా అనుకొంటారు. 2014లో ప్రకటించిన ఫలితం దానికి సరిగా విరుద్ధం. దగ్గరగా వున్న బయళ్ళలోనే తక్కువ. పుప్పొడీ విత్తనమూ రాకపోకలు చేయటంవల్ల నిరోధకశక్తి వున్న రకాలు అక్కడ నిలుపుకొన్నాయి. విడిపోయి ఒంటరిగా మిగిలిన బయలే రోగానికి సులభంగా లొంగింది. మరి చెస్ట్‌నట్ కిక్కిరిసి వుండి కూడా ఎందుకు చచ్చిందంటే, అక్కడ రాకపోకలు చేయటానికి ఆ శక్తి గల రకాలే లేవు. ఆ రోగాన్ని ఎన్నడూ చూడని జాతి అది.

అంటురోగాలు జీవపరిణామంలో పెద్ద శక్తి అని, ఒక జాతిలో అరుదైన రకానికి రోగం మేలు చేస్తుందని, అందుచేత రోగమే వైవిధ్యాన్ని కాపాడుతుందని 1949లోనే రాసినవాడు జె. బి. ఎస్. హాల్డేన్. 1957లో ఇంగ్లండు వదలి మన దేశానికి వచ్చి, ఈ దేశ పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఆ కమ్యూనిస్టు శాస్త్రజ్ఞుణ్ణి మన పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. కాని ఆ కాలంలోనే జరిగిన మరొక విషయాన్ని మనం దాచుకోరాదు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో పరిసరాల పేరు చెప్పి వంశానుగత శాస్త్రాన్నే కొట్టిపారవేశాడు. పరిసరాలు మారిస్తే మొక్క వారసత్వం మనం కోరినట్లు మారుతుందన్నాడు. 1948 ఆగస్టులో ఆ మాట అధికార సిద్ధాంతమయింది. మొక్కల నిరోధకశక్తి మీద 1919లోనే గ్రంథం ప్రకటించి, పైరుల పుట్టినిళ్ళకు పోయి వైవిధ్యాన్ని సేకరించాలని ప్రపంచమంతా తిరిగిన వావిలోవ్, 1940లో అరెస్టయి 1943 జనవరిలో సరటోవ్ జైలులో చనిపోయాడు. లైసెంకోను ప్రపంచమంతటా వామపక్షీయులలో పలువురు సమర్థించారు. హాల్డేనే కొంతకాలం నీళ్ళు నమిలాడు. పరిసరాలను గురించి మాట్లాడే ప్రతి అభ్యుదయవాదీ ఈ గతాన్ని ఎదుర్కోవలసిందే. క్లింటన్ పొరపాటు నిజాయితీగా చేసినది, సాక్ష్యం రాగానే వీగిపోయింది. లైసెంకో పొరపాటు సాక్ష్యాన్నే జైలుకు పంపింది. రెండిటి తేడా చిన్నది కాదు. అయినా రెండూ ఒక్కచోటే తప్పాయి: పరిసరాలను వారసత్వానికి పోటీగా నిలబెట్టాయి. చెస్ట్‌నట్ విషయంలో వారసత్వం చేసినదీ పరిసరాలు చేసినదీ విడివిడిగా లెక్కకట్టటం సాధ్యం కాదు. నిరోధకశక్తి లేకపోవటం వారసత్వం. అది లేని చెట్లు కొండనిండా కిక్కిరిసి వుండటం కొలుముల చరిత్ర. శిలీంధ్రం సముద్రం దాటటం వర్తక చరిత్ర. కొండ నుంచి కొండకు అది ఎగరటం వాన.

చెస్ట్‌నట్ పూర్తిగా అంతరించలేదు. శిలీంధ్రం నేలలోకి దిగలేదు. నేలలో వుండే ఇతర సూక్ష్మజీవులు దానిని బతకనివ్వవు. పుండు మీద అదే అడవిమట్టిని తడిపి మెత్తి కట్టుకడితే పుండు మానుతుందని కూడా పరిశోధకులు చూపించారు. కాని నూరడుగుల చెట్టుకు నూరడుగులా మట్టి మెత్తటం ఎవరి తరం? వేరు బతికి వున్నది గనుక మోడు నుంచి పిలకలు వస్తూనే వున్నాయి. అలాంటివి ఇంకా 40 కోట్లకు పైగా వున్నాయని అంచనా. చాలావరకు బొటనవేలి లావు కూడా లేవు. చైనా చెట్టుతో సంకరం చేసి నిరోధకశక్తిని తేవాలన్న కృషి 1983లో ఏర్పడిన ఒక స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో నాలుగు దశాబ్దాలుగా సాగుతున్నది. గోధుమ నుంచి ఒక జన్యువును తెచ్చి ఆక్సాలిక్ ఆమ్లాన్ని విరిచే చెట్టును కూడా తయారుచేశారు. ఆ మొక్కలు ఆశించినట్టు పెరగటం లేదని, పైగా ఇన్నాళ్ళూ పరీక్షించినది తాము అనుకొన్న వరుస కాదని తేలటంతో 2023 డిసెంబరులో ఆ సంస్థ వాటికి తన మద్దతును వుపసంహరించుకొన్నది. నేల వేడెక్కేకొద్దీ సిరా తెగులు ఉత్తరానికీ పైకీ జరుగుతుందని అంచనాలు వున్నాయి గనుక, ఒక్క తెగులును గెలిచిన చెట్టు కూడా ఎక్కడ నాటితే బతుకుతుందో ముందు చూసుకోవలసి వున్నది.

ఈలోగా అడవి నీడలో ఆ పిలకలు ఏళ్ళ తరబడి అలాగే నిలబడి వుంటాయి. నీడలో వున్నంతకాలం అవి పెరగవు, బెరడు నున్నగా వుంటుంది, తెగులు తక్కువ. గాలివానకో గొడ్డలికో పైనున్న ఓక్ కూలి వెలుతురు పడితే పిలక ఒక్కసారిగా లేస్తుంది, నాలుగైదేళ్ళలో మనిషికి రెండింతల ఎత్తవుతుంది, లావెక్కిన బెరడు పగుళ్ళిస్తుంది. శిలీంధ్రం పక్కనే వున్న మరో ఓక్ బెరడు మీద, ఆ చెట్టుకు పెద్ద హాని చేయకుండా కాలం గడుపుతూ వుంటుంది. ఒక వాన వెలిసిన మధ్యాహ్నం అక్కడినుంచి ఇక్కడికి వస్తుంది. పై భాగం ఎండిపోతుంది, వేరు బతికి వుంటుంది, మరుసటి వసంతానికి మొదట్లో కొత్త పిలక కనబడుతుంది.